టికెట్టు వెనక పేరు

ఒకటో తారీఖు పొద్దున్న, నరేష్ వచ్చి వెళ్ళేదాకా నీలవేణి మిషను తొక్కదు. తొక్కితే ఆ చప్పుడులో అతని బండి వినపడదేమోనని భయం. అందుకని ఆ పూటకి చేతిపని అట్టేపెట్టుకుంటుంది. హుక్కులు కుట్టడం, కాజాలు తీయడం, చీరకి ఫాల్ వేయడం లాంటివి. గుమ్మం లోపల చాప పరుచుకుని, పోలియో వచ్చిన ఎడమకాలు ముందుకి చాపుకుని, ఆ కాలి మీదే జాకెట్టు పరుచుకుని కుడుతుంది. దాన్ని పనికిరాని కాలని ఎవరన్నారో గానీ, నీలవేణికి అది బల్ల.

గుమ్మం అవతల కొత్త మెట్టు మీద మొగుడు ధనరాజ్ కూర్చుని, వంకరపోయిన మేకుల్ని సుత్తితో తిన్నగా కొడుతున్నాడు. కేరళలో పదకొండేళ్ళు సెంట్రింగు పని చేసిన చేతులు. వాటికి ఊరికే ఉండడం తెలీదు. ఇంటికొచ్చి నలభై ఐదు రోజులైంది. మొదటి ఇరవై రోజుల్లోనే ఈ మెట్టు కట్టాడు, స్నానాలగదికి తలుపు బిగించాడు, మిషనుకి ఎదురుగా గోడ తొలిచి కిటికీ పెట్టాడు. చేయడానికి ఇంకేమీ మిగలక చివరికి మేకుల దగ్గరికొచ్చాడు. డబ్బాలో మేకులు కూడా ఇంకో పదో పదిహేనో ఉంటాయి. నీలవేణి ఓరకంట ఆ డబ్బానే చూస్తోంది.

"బావా, ఈయేల బేంకుకెల్దుమా? రేకులకి అడ్వాన్సు ఇచ్చీసొద్దుము."

"ఎల్దాంలే."

నిన్నా అదే మాట, మొన్నా అదే మాట. సెంట్రింగు రేకులు కొని, ఆమదాలవలసలో రైలు గేటు దగ్గర గది తీసుకుని, ఇల్లు కట్టుకునేవాళ్ళకి అద్దెకిస్తానన్నది అతనే. "ఇంక కేరళ ఎల్లను నీలా" అన్నదీ అతనే. ఆ మాట అన్న రోజు నుంచి నీలవేణి దాన్ని పెట్లో చీరలాగ మాటిమాటికీ విప్పి చూసుకుని మళ్ళీ మడిచి దాచుకుంటోంది.

ఎదురింటి అరుగు మీద జగ్గమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆవిడదీ నరేష్ కోసం ఎదురుచూపే. ఆవిడకి ముసలి పెన్షను, నీలవేణికి కాలి పెన్షను.

"ఒలే నీలా, ఆషాడమొచ్చినాది కదే. పేటలో కొత్త పెళ్ళికూతుర్లంతా పుట్టిళ్ళకెల్లిపోనారు. నువ్వెల్లవా?"

"నానేటి కొత్త పెళ్ళికూతుర్నా అత్తా?"

"మరి కావా? పెళ్ళయిన కాడినుండి పదకొండేళ్ళూ నీకు ఆషాడమే. శ్రావణం నిన్న కాక మొన్నొచ్చినాది." జగ్గమ్మ పళ్ళు లేని దవడలతో నవ్వింది. "ఒరే ధనరాజూ, ఆ మేకుల్నొగ్గి దాని మొకం సూడరా, సిగ్గుపడతన్నాది."

ధనరాజ్ తల ఎత్తలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. సుత్తి దెబ్బ ఒకటి వేలి మీద పడింది.

నరేష్ బండి మలుపు తిరిగింది. సచివాలయంలో పెన్షన్లు చూసే కుర్రాడు, నెమ్మదైనవాడు. ముందు జగ్గమ్మ దగ్గర ఆగాడు. ఆవిడ వేలు అతని వేలిముద్రల మిషను మీద ఎప్పుడూ ఒక పట్టాన పడదు. అరవై ఏళ్ళు ఊడ్పులు ఊడ్చి, కోతలు కోసిన వేలు, గీతలెక్కడుంటాయి? నూనె రాసి, చీరకొంగుతో తుడిచి, ఊది, నాలుగోసారికి పడింది. డబ్బు అందుకుని జగ్గమ్మ కళ్ళకద్దుకుంది.

నీలవేణి అప్పటికే కుడిచేతి బొటనవేలు తడిగుడ్డతో తుడుచుకుని సిద్ధంగా పెట్టుకుంది. పదకొండేళ్ళలో ఒక్క ఒకటో తారీఖూ తప్పలేదు. ముందు పంచాయతీ ఆఫీసు మెట్ల మీద, తర్వాత ఇదిగో, ఈ గుమ్మంలో. ఒకసారి ధనరాజ్ ఫోనులో, "ఓ రెండు నెలలు ఇక్కడికొచ్చి ఉండు, సూద్దువు గాని" అన్నాడు. ఒకటో తారీఖు దాటాక చూద్దాం అంది. అది దాటేసరికి ఇంకో ఒకటో తారీఖు వచ్చేది.

నరేష్ ఫోను పైకీ కిందకీ జరిపాడు. మళ్ళీ జరిపాడు.

"అక్కా, నీ పేరు రాలేదు."

"సరిగ్గా సూడు బాబూ. నీలవేణి."

"చూసేనక్కా. ఆపేసినారు." అతను ఫోను ఇటు తిప్పి చూపించాడు. "ఇదిగో, ఆదాయపు పన్ను కట్టేవారు అని పడింది."

నీలవేణి చాచిన వేలు అలాగే ఉంది. జగ్గమ్మ అరుగు దిగి వచ్చింది.

"పన్నేటి? ఎవులు కట్టినారు?"

"లాటరీ డబ్బులొచ్చాయి కదా మార్చిలో. ఐదు లక్షల ప్రైజు. ఇచ్చేటప్పుడే పన్ను కోసుకుని మిగతాది ఇస్తారు. ఆ కోసింది అక్క పాన్ కార్డు మీద కోసేరు. ఇంట్లో పన్ను కట్టే మనిషుంటే పెన్షను రాదు. మరిక్కడ పన్ను కట్టిందీ అక్కే, పెన్షనూ అక్కదే."

"టికెట్టు నాను కొననేదు బాబూ. ఆయిన కొన్నాడు. నాను కేరళ మొకమైనా సూడనేదు."

"టికెట్టు వెనక పేరెవరిది మరి?"

ధనరాజ్ సుత్తి కింద పెట్టాడు. "అలవాటురా నరేషూ. ఆదివారం జీతాలిచ్చిన కాడ టికెట్లమ్ముతారు. ఒకటి కొని యెనక్కి తిప్పి దీని పేరు రాస్తాను. నాకెలాగూ అదృష్టం నేదు, దీనికైనా ఉన్నాదేమోనని."

"వెనక ఎవరి పేరుంటే టికెట్టు వాళ్ళదే అన్నయ్యా. అందుకే కదా కాయితాలన్నీ అక్క చేత పెట్టించి, నోటరీ చేయించి పంపించింది."

జగ్గమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "ఓలమ్మోలమ్మ! మిల్లు పెట్టినోడు కట్టడు, మేడలు కట్టినోడు కట్టడు. మన పేట మొత్తానికి పన్ను కట్టిన మనిషి ఈ కుంటి గుంటా! దండెయ్యండ్రా దీనికి!"

నీలవేణి వేలు వెనక్కి తీసుకుని, దానికి ఇత్తడి తొడుగు తొడుక్కుని, సూది అందుకుంది. దారం ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు. ఆరువేలు పోయినందుకు కాదు. ఆ ఆరువేలుంటే, రేకుల అద్దెలు పుంజుకునేదాకా ఇల్లు నడిచిపోతుందని మనసులో లెక్క వేసుకుంది. అది పోతే ఈ మనిషి మళ్ళీ సంచి సర్దుతాడు. సంచి సర్దితే మళ్ళీ ఎప్పుడో.

"ఏటి సేస్తే తిరిగొస్తాది బాబూ?"

నరేష్ తల గోక్కున్నాడు. "రిటర్ను వేస్తే, కోసిన పన్ను తిరిగొస్తే అప్పుడు పేరు తీస్తారేమో. నాకంతగా తెలీదు."

ధనరాజ్ ఒక్కసారి లేచాడు. "మా మేస్త్రీ ఒకటి సెప్పినాడు. పోయిన టికెట్లు పారెయ్యకండ్రా, ఎప్పుడైనా తగిల్తే పోయిందంతా తీసీసి మిగిల్నదానికే పన్నేస్తారని. నాను ఒక్కటీ పారెయ్యనేదు. పదకొండేళ్ళవీ ఉన్నాయి." నలభై ఐదు రోజుల్లో ఆ ముఖంలో అంత వెలుగు నీలవేణి చూడలేదు.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర పన్నుల పని చూసే నరసింగరావు గారని ఒకాయన ఉన్నారని, ఆయన్ని అడగమని చెప్పి, నరేష్ పక్క వీధికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమదాలవలస స్టేషనులో నీలవేణి మొదటిసారి పైవంతెన ఎక్కింది. ధనరాజ్‌ని సాగనంపడానికి వచ్చినప్పుడల్లా ఆటోలోంచే చెయ్యి ఊపేది. అతను వంతెన ఎక్కి, అటు మలుపు తిరిగి, చిన్నగా అయిపోయి, దిగిపోయేవాడు. ఆ తర్వాత రైలు కూత ఒక్కటే ఆమె దాకా వచ్చేది. ఇప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించి ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. ధనరాజ్ బియ్యం సంచీ భుజాన వేసుకుని, రెండు మెట్లు పైన ఆగి ఆగి చూస్తున్నాడు. సంచీ మూతి నారతాడుతో కట్టి ఉంది. అటక మీద ఎన్నాళ్ళ నుంచి ఉందో, అందులో తన పేరుందని ఆమెకి తెలీదు.

రైలెక్కాక నీలవేణి ఇంకో మనిషిని చూసింది. ఇంట్లో ఈయన ఉప్పు డబ్బా ఎక్కడుందని అడుగుతాడు, తువ్వాలు ఎక్కడ ఆరేశావని అడుగుతాడు. తన ఇంట్లో తానే చుట్టంలా ఒళ్ళు దగ్గరపెట్టుకుని తిరుగుతాడు. ఇక్కడ మాత్రం ఎక్కుతూనే ఏ కిటికీ పడుతుందో ఏది పడదో చూశాడు, ఆమె కాలు చాపుకోవడానికి సరిపోయే మూల సీటు పట్టాడు, సంచీ ఎటు తోస్తే జారదో అటు తోశాడు. ఎదుటి సీటు పిల్లకి నీళ్ళసీసా మూత తీసిచ్చాడు. పొందూరు దాటేసరికి పక్కవాళ్ళ ముగ్గురితో మాట కలిపేశాడు. బయట పొలాల్లో ఆకుమళ్ళు పచ్చగా, చిన్న చిన్న చాపల్లా పరిచి ఉన్నాయి. నీలవేణి వాటిని చూస్తున్నట్టే ఉంది గానీ మొగుణ్ణి చూస్తోంది. ఈ మనిషి ఈ రైల్లో ఇంత బాగుంటాడని ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదు.

నరసింగరావు గారి గది మిఠాయి దుకాణం మీద ఉంది. మెట్లు ఎక్కేసరికి నీలవేణికి చెమట పట్టింది. ఆయన పెద్దాయన. ఫ్యాను ఆపి కాయితాలు చూస్తున్నాడు, ఎగిరిపోకుండా. ఆమెని చూడగానే ఫ్యాను వేసి, కాయితాల మీద మంచినీళ్ళ చెంబు పెట్టి, "కూచో అమ్మా, ముందు ఊపిరి తీసుకో" అన్నాడు.

ధనరాజ్ ఆగలేకపోయాడు. తాడు విప్పి సంచీ బల్ల మీద బోర్లించేశాడు. రంగురంగుల టికెట్లు కుప్పపడ్డాయి. పసుపు, గులాబీ, నీలం, ఆకుపచ్చ. కొన్ని చెమటకి మెత్తబడి, కొన్ని సిమెంటు అంటి. ఫ్యాను గాలికి నాలుగైదు కిందపడ్డాయి.

"ఇదేమిటయ్యా బాబూ?"

"పోయిన టికెట్లండి. వారానికొకటి, పదకొండేళ్ళవి. ఇవన్నీ తీసీసి పన్నెయ్యండి బాబూ. అప్పుడు దీని పెన్షను దీనికొచ్చేస్తాది."

నరసింగరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డమాట చెప్పబోయే డాక్టర్లు కూడా అలాగే తుడుచుకుంటారు.

"అలా కుదరదయ్యా. నీకు చెప్పినవాడు వ్యాపారం సంగతి అనుకుని ఉంటాడు. వ్యాపారంలో నష్టం చూపించుకోవచ్చు. లాటరీలో చట్టానికి నువ్వు గెలిచిన టికెట్టే కనబడుతుంది, పోయినవి కనబడవు. వెయ్యి టికెట్లు పోనీ, వాటి ఖరీదు ఒక్క రూపాయి కూడా తగ్గించరు."

"మాకు సంవత్సరానికి లక్షైనా రాదండి. ఇంత తక్కువోళ్ళకి పన్ను నేదంటారు కదా?"

"జీతానికీ, కూలికీ ఆ మినహాయింపు. లాటరీకి లేదు. మొదటి రూపాయి నుంచీ నూటికి ముప్పై. కోటి తగిలినవాడికీ నీకూ ఒకటే కొలత." ఆయన ఆమె పాన్ కార్డు చూసి ఫోనులో ఏదో నొక్కాడు. "ఏజెంటు కమిషను పోగా నాలుగున్నర లక్షల మీద కోసింది లక్షా ముప్పై ఐదు వేలు. అది తిరిగి రాదు. ఇంకా దాని మీద సెస్సు, అంటే పన్ను మీద పన్ను, ఐదువేల నాలుగొందలు మీరే కట్టి రిటర్ను వెయ్యాలి."

"ఇంకా కట్టాలా?" అన్నాడు ధనరాజ్. ఒళ్ళో పడ్డ పసుపు టికెట్టుని చూస్తున్నాడు, అదేదో అబద్ధం ఆడినట్టు.

"మరి పెన్షనో బాబూ?" అంది నీలవేణి.

"మళ్ళీ ఏ లాటరీ తగలకుండా ఏడాది గడిస్తే అర్జీ పెట్టుకో తల్లీ. ఇస్తారనీ చెప్పలేను, ఇవ్వరనీ చెప్పలేను."

నరసింగరావు గారు కిందపడిన టికెట్లు వంగి తీసి, కుప్ప మీద పెడుతూ ఒకటి వెనక్కి తిప్పాడు. పెదాలు కదుపుతూ చదివాడు. చదివి, తనకి తెలీకుండానే గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"నీలవేణి. గుమ్మానికి మెట్టు." ఇంకోటి తిప్పాడు. "నీలవేణి. మిషను ఎదర కిటికీ. ఇదేమిటయ్యా, ప్రతిదాని వెనకా?"

"అది... అది లెక్కలోది కాదండి." ధనరాజ్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "తగిల్తే ఏటి సెయ్యాలో మర్సిపోకుండా రాసుకుంటాను. ఊరికే."

నీలవేణి కుర్చీ జరుపుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఐదో తరగతి చదువు. కూడబలుక్కుని చదువుతుంది. గుప్పెడు తీసుకుని ఒక్కొక్కటే తిప్పింది. అన్నింటి మీదా అదే గుండ్రటి రాత, సెంట్రింగు చెక్క మీద కొలతలు వేసే లావుపాటి పెన్సిలుతో. నీలవేణి, నీళ్ళగదికి తలుపు. నీలవేణి, నడుం నొప్పికి మెత్తటి కుర్సీ. నీలవేణి, నీలవేణి. కొన్ని వారాలు ఏమీ కోరుకోకుండా ఒట్టి పేరే రాసి వదిలేశాడు. మళ్ళీ వర్షాకాలం తేదీలున్న టికెట్లు వచ్చేసరికి, ఒక ఏడాదిది కాదు, ఏ ఏడాది తీసినా ఒకటే మాట: నీలకి ఇక్కడి వాన సూపాల.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. ఆ పదకొండేళ్ళలో ఆయన ఫోను చేసి మాట్లాడిన మాటలు కూడితే ఎన్ని ఉంటాయి? తిన్నావా, పడుకున్నావా, డబ్బు అందిందా. ఇవన్నీ ఇక్కడ రాసి పెట్టుకున్నాడు. రాసి, పోగొట్టుకుని, అటక మీద పెట్టాడు.

"ఇది మాత్రం లాటరీ కాదు," అన్నాడు నరసింగరావు గారు, మడత పెట్టిన తెల్లకాయితం ఒకటి కుప్పలోంచి తీసి. "రైలు టికెట్టు. పారేసుకునేరు. పదో తారీఖు, శ్రీకాకుళం రోడ్, అదే మన ఆమదాలవలస నుంచి, కేరళలో ఆలువాకి. ఒక్కరికి." ఆయన మామూలుగానే చెప్పి, మామూలుగానే ఇచ్చాడు.

సంచీలో తాను దాచి మర్చిపోయిన ఆ కాయితానికి ధనరాజ్ చెయ్యి చాపేలోపే నీలవేణి అందుకుంది. కింద చిన్నక్షరాల్లో టికెట్టు తీసిన తేదీ ఉంది. పోయిన నెల ఇరవైనాలుగు. పెన్షను ఆగింది నిన్న.

బల్ల మీద మంచినీళ్ళ చెంబు చెమర్చి ఉంది. ఆమె ఆ తడిలో వేలు పెట్టి తీసింది. తర్వాత కాయితం ఉన్న మడతల్లోనే మడిచి, మొగుడి చేతిలో పెట్టింది.

"బాబూ, రిటర్ను ఏసీండి," అంది నరసింగరావు గారితో. "ఆ సెస్సు కూడా నానే కట్టీస్తాను. నా పేరు మీదే కదా." బొడ్లోంచి పర్సు తీసింది. శ్రావణం జాకెట్లకి ముందుగా ఇచ్చిన డబ్బు, గుడ్డముక్కలో చుట్టి ఉంది. సంతకం పెట్టమన్నచోట పూర్తిపేరు పెట్టింది. తొందరపడలేదు.

వెనక్కి వచ్చే రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. సంచీ ఇద్దరి మధ్యా ఉంది. నెల్లిమర్ల దాటింది, గరివిడి దాటింది. చీపురుపల్లిలో ఎక్కిన పల్లీలవాడు వీళ్ళ ముఖాలు చూసి అడక్కుండానే వెళ్ళిపోయాడు.

"ఇరవైనాలుగున తీసినావు టికెట్టు," అంది నీలవేణి.

"ఊఁ."

"అంటే పెన్షను ఆగినాదని కాదు."

"కాదు నీలా." సంచీ తాడు ముడి విప్పి మళ్ళీ వేశాడు. "నీకు సెప్పీడానికి నోరు రానేదు. నువ్వు మిషను తొక్కతంటే ఆ సప్పుడు ఇనుకుంటా కూసోడం బాగుంటాది. మద్దేన్నం అయ్యేసరికి ఏటి సెయ్యాలో తెల్దు. ఊర్లో ఎవులెదురైనా ఎప్పుడొచ్చినావు, ఎప్పుడెల్తావు, ఆ రెండు మాటలే. రేకులు అద్దెకివ్వడమంటే ఏటి? కూసోడమే. నాకు కూసోడం సేతకాదే."

"మరి ఎల్లనని ఎందుకన్నావు?"

"నీ మొకం సూసి."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. తను ఈ నలభై ఐదు రోజులూ బిగించి పట్టుకున్నది వదులైపోయింది. కోపం రావాలి. వెతుక్కుంది గానీ దొరకలేదు. దొరికింది ఇంకోటి. అది ఏమిటో ఆమెకే వెంటనే తెలియలేదు.

"అక్కడుంటే ఇల్లు గురుతొస్తాది," అన్నాడు ధనరాజ్, తనలో తాను అనుకున్నట్టు. "ఇక్కడుంటే అక్కడ పని గురుతొస్తాది. నా బతుకు ఏ పక్కనుంటే ఆ పక్కనుండదు."

"అక్కడ నువ్వుండే గదిలో ఎంతమందుంటారు?"

"ఆరుగురం. ఏం?"

"ఊరికే." నీలవేణి బొడ్లోకి చెయ్యి పోనిచ్చి తడుముకుంది. పర్సులో ఒక ఆకుపచ్చ టికెట్టు ఉంది. నరసింగరావు గారి బల్ల మీంచి తెచ్చుకుంది. దూసి స్టేషను వచ్చేదాకా చెయ్యి అక్కడే ఉంచింది.

ఆ తర్వాత వారం రోజులూ నీలవేణి మిషను ఆగలేదు. పాదం అరిగిపోతుందా అన్నట్టు తొక్కింది. కుట్టుపని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, శ్రావణం ముందు దర్జీదాని ఇల్లు జాతరలా ఉంటుంది. అయితే నీలవేణి కొత్త గుడ్డలు తీసుకోవడం మానేసింది. కొలతకని ఇచ్చిన ఆది జాకెట్లు మడిచి ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేస్తోంది.

"ఏటే, నా జాకెట్టు కుట్టనంటన్నావట?" జగ్గమ్మ నిలదీసింది. "పన్ను కట్టినావని అంత గీరా?"

"నీది నిన్ననే కుట్టినాను అత్తా. ఇదిగో, సేతులు కాస్త ఒదులు పెట్టినాను."

"మరి మిగతా ఆడోళ్ళవో?"

"నా వల్ల కాదు ఈసారి."

జగ్గమ్మ ఆమె ముఖంలోకి చూసి, ఇంకేదో అడగబోయి మానేసింది. మొగుడు మళ్ళీ వెళ్ళిపోతున్నాడని పేటలో అప్పటికే తెలిసింది. ఆ దిగులనుకుంది. పోతూ పోతూ, ఎండుచేప నాలుగు ముక్కలు ఆకులో చుట్టి గుమ్మంలో పెట్టింది, వాడికిష్టమని.

నరేష్ ఆ వీధిన వెళ్తుంటే నీలవేణి పిలిచింది. "బాబూ, ఒక పని సేసి పెట్టాల." పాన్ కార్డూ, ఆధార్ కార్డూ, కొంత డబ్బూ చేతికిచ్చి గుమ్మంలోనే రెండు నిమిషాలు మాట్లాడింది. నరేష్ విని, ధనరాజ్ లోపల ఉన్నాడేమోనని చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు.

తొమ్మిదో తారీఖు సాయంత్రం ఆఖరి జాకెట్టుకి ఆఖరి హుక్కు కుట్టింది. మిషనుకి నూనె వేసి, బెల్టు తప్పించి, మరలు విప్పి, తలని చెక్క మీంచి ఊడదీసింది. పాత చీరలో చుట్టి గోనెసంచీలో పెట్టింది. ధనరాజ్ తన సంచి సర్దుకుంటూ చూశాడు.

"రిపేరుకా?"

"ఊఁ. ఆమదాలవలసలో దించాల. రేపు నీతో ఆటోలోనే వస్తాను కదా."

పదో తారీఖున ఆటో స్టేషను ముందు ఆగింది. మబ్బు పట్టి ఉంది. ధనరాజ్ దిగి, సంచి తీసుకుని, ఎప్పటిలాగే ఆమె చెయ్యి ఊపుతుందని ఆటో పక్కన ఆగాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు. "బిల్డింగు అయిపోగానే వచ్చేస్తాను. నాలుగు నెల్లు. మా అయితే ఐదు."

నీలవేణి చాపిన కాలు ముందు కిందకి పెట్టి, తర్వాత మంచి కాలు పెట్టి, ఆటో కమ్మీ పట్టుకుని దిగింది. గోనెసంచీ లాగింది. లోపలి నుంచి ఒక బట్టల మూట కూడా లాగింది.

"ఇదేటి? మిషను దుకాణం గేటవతల కదా?"

"మిషను బాగానే ఉన్నాది. స్టాండు అక్కడ కొనుక్కుందుము."

"ఎక్కడ?"

"నువ్వెక్కడికెల్తన్నావో అక్కడ." పర్సులోంచి మడిచిన తెల్లకాయితం తీసి చూపించింది. నరేష్ తీసి తెచ్చిన టికెట్టు. అదే బండి, వేరే పెట్టె. "ఒకటో తారీఖున వేలెయ్యడానికి నానింక గుమ్మంలో ఉండక్కర్నేదు కదా బావా."

ధనరాజ్ సంచి కింద పెట్టాడు. ఆటోవాడు డబ్బు కోసం చెయ్యి చాపుకుని ఉన్నాడు, ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

"గదిలో ఆరుగురుంటాం నీలా. నీళ్ళు కింద నుంచి మొయ్యాల. మెట్లు..."

"వేరే గది తీసుకుందుము. కిందది. డబ్బులు నా పేరు మీదున్నాయి బేంకులో. దొంగ డబ్బులు కావు, పన్ను కట్టిన డబ్బులు." ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో సర్పంచికి కూడా లేనంత దర్జా ఉంది. "అక్కడ మన తెలుగోళ్ళు ఎంతోమంది ఉన్నారంటావు. వాళ్ళ పేంట్లు సిరగవా, సొక్కాలకి గుండీలూడవా?"

"ఎన్నాళ్ళుంటావు?"

నీలవేణి ఆకుపచ్చ టికెట్టు తీసి, వెనక్కి తిప్పి, అతని అరచేతిలో పెట్టింది. అతను తన రాత తాను చదువుకున్నాడు. ఆరేళ్ళ కిందటి జూలై నెలది. అంచులు చివికిపోయాయి.

"ఇది పోయిన టికెట్టే నీలా," అన్నాడు.

"పోయిందో తగిలిందో ఎల్లి సూద్దుము. పద."

ఆటోవాడికి డబ్బు ఇచ్చాడు. తన సంచీ, ఆమె బట్టల మూటా భుజానికి తగిలించుకుని, మిషను గోనెసంచీ తల మీదకెత్తుకున్నాడు. బరువు సర్దుకున్నాక ఒక చెయ్యి ఖాళీ అయింది. దాన్ని ఇటు చాపాడు. నీలవేణి ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, రెండోది ఆ చేతిలో పెట్టింది. వంతెన మెట్లు ఎక్కుతూ ఈసారి లెక్కపెట్టలేదు. సగం ఎక్కేసరికి ఒక చినుకు ఆమె బుగ్గ మీద పడింది. ఇంకోటి. పట్టాల మీద, ప్లాట్‌ఫారం రేకుల మీద టపటపమని మొదలైంది. ఆమె ఆగి ముఖం పైకెత్తింది.

ధనరాజ్ కూడా ఆగాడు. గోనెసంచీ కింద నుంచి ఆమె ముఖం చూసి, ఇంటికొచ్చాక మొదటిసారి నవ్వాడు.

"ఇది వాన కాదులే," అన్నాడు. "అక్కడ సూద్దువు గాని."